కోళ్ల ఫారం డబ్బుతో ఐడియాల ఆఫీసు!

చదివింది కేంబ్రిడ్జిలో ఇంజినీరింగ్. కోట్లు సంపాదించింది కోళ్ల ఫారంలో. పేరు నిలబెట్టింది మాత్రం ఈ రెండూ కాదు, లండన్‌లో పెట్టిన ఓ చిన్న ఆఫీసు. ప్రభుత్వం ఏ చట్టం చేస్తే ఏమవుతుందో, దేన్ని ఎత్తేస్తే ఏం మారుతుందో పరిశోధించి పుస్తకాలుగా వేయడమే అక్కడి పని. ఇలాంటి సంస్థల్నే థింక్ ట్యాంకులు అంటారు. పాలసీ రిసెర్చ్ అనే కెరియర్ ఒకటి ఉందని మన క్యాంపస్‌లలో చెప్పేవాళ్లు తక్కువ. అసలు ఆ పని ఎలా ఉంటుందో, దాని బలమేంటో, చిక్కేంటో తెలియాలంటే సర్ ఆంటొనీ ఫిషర్ జీవితం చదవాల్సిందే.

కార్ల కంపెనీ ఫ్లాప్

ఫిషర్ 1915లో లండన్‌లో పుట్టారు. రెండేళ్లు తిరిగేసరికి తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో గాజా దగ్గర చనిపోయారు. తల్లే ఇద్దరు మగపిల్లల్ని పెంచింది. కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో ఇంజినీరింగ్ చదువుతూనే ఆంటొనీ విమానం నడపడం నేర్చుకున్నారు. చదువయ్యాక స్పోర్ట్స్ కార్లు తయారుచేసే చిన్న కంపెనీలో డబ్బు పెట్టారు. అది నిలబడలేదు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే అన్నదమ్ములిద్దరూ వైమానిక దళంలో ఒకే స్క్వాడ్రన్‌లో చేరారు. 1940 ఆగస్టు 15న తమ్ముడు బేసిల్ విమానం కూలింది. పారాచూట్‌తో దూకినా ప్రాణం దక్కలేదు. ఆ తర్వాత ఆంటొనీని యుద్ధ విమానాల నుంచి తప్పించి శిక్షణకు పంపారు. అక్కడ ఆయనలోని ఇంజినీరు బయటికొచ్చాడు. కదిలే శత్రు విమానాన్ని గురి చూసి కాల్చడం నేర్పే ఓ యంత్రాన్ని తయారుచేశారు. ఆ రోజుల సేవకు ఎయిర్‌ఫోర్స్ క్రాస్ పతకం దక్కింది.

ఎన్నికల్లో నిలబడొద్దు!

1945లో బ్రిటన్‌లో లేబర్ పార్టీ గెలిచింది. బొగ్గు గనులు, రైల్వేలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి. యుద్ధకాలపు నియంత్రణలు చాలావరకు కొనసాగాయి. యుద్ధంతో చితికిపోయిన జనానికి ఉద్యోగ భద్రత, వైద్యం కావాలి కాబట్టి ఆ విధానాలకు బలమైన మద్దతే ఉండేది. ఫిషర్‌కు మాత్రం ఇది తప్పుదారి అనిపించింది. అదే ఏడాది రీడర్స్ డైజెస్ట్‌లో ఆర్థికవేత్త ఫ్రీడ్రిక్ హాయెక్ పుస్తకం సంక్షిప్త రూపం చదివారు. అన్నీ ప్రభుత్వమే ప్లాన్ చేస్తే మనిషి స్వేచ్ఛ కరిగిపోతుందన్నది ఆ పుస్తకం వాదన.

ఫిషర్ నేరుగా లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లి హాయెక్‌ను కలిశారు. ఎన్నికల్లో పోటీ చేసి పార్లమెంటుకు వెళ్దామనుకుంటున్నానని చెప్పారు. హాయెక్ వద్దన్నారు. రాజకీయ నాయకులు అప్పటికే సమాజంలో చెలామణీలో ఉన్న ఆలోచనల వెంటే నడుస్తారు. ఆ ఆలోచనల్ని తయారుచేసేది ప్రొఫెసర్లు, రచయితలు, పాత్రికేయులు. ముందు వాళ్లను తర్కంతో ఒప్పించే పరిశోధన సంస్థ పెట్టమన్నది హాయెక్ సలహా సారాంశం. సలహా బాగానే ఉంది. మరి డబ్బో?

బ్రాయిలర్ ఇచ్చిన పెట్టుబడి

అప్పటికి ఫిషర్ ససెక్స్‌లో పశువుల ఫారం నడుపుతున్నారు. 1952లో అమెరికా వెళ్లినప్పుడు ఒకే షెడ్డులో వేల కోళ్లను మాంసం కోసం పెంచే పద్ధతి చూశారు. మనకిప్పుడు వీధి చివర దొరికే బ్రాయిలర్ కోడి అప్పట్లో బ్రిటన్‌కు కొత్త. అక్కడ చికెన్ అంటే పండగ పూట తినే ఖరీదైన వంటకం. తిరిగొచ్చి బక్స్‌టెడ్ చికెన్ కంపెనీ మొదలుపెట్టారు. చికెన్ సామాన్యుడి రోజువారీ భోజనంలోకి వచ్చింది, ఫిషర్ ధనవంతుడయ్యారు. కోళ్లను షెడ్లలో కిక్కిరిసి పెంచడంపై విమర్శలూ వచ్చాయి. 1968లో ఆ కంపెనీ 2.1 కోట్ల పౌండ్లకు అమ్ముడైంది.

కోళ్ల మీద లాభం మొదలవగానే, 1955లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ అఫైర్స్ (ఐఈఏ) పెట్టారు. 1957లో స్కాట్లాండ్ నుంచి రాల్ఫ్ హారిస్ అనే యువ ఆర్థికవేత్తను తీసుకొచ్చి బాధ్యత అప్పగించారు. ప్రచురణల ఎడిటింగ్ ఆర్థర్ సెల్డన్ చూసుకున్నారు. ఇద్దరూ కార్మిక కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే. ఏ పార్టీకీ అనుబంధంగా ఉండకూడదు, ప్రభుత్వ డబ్బు తీసుకోకూడదు అన్నవి సంస్థ నియమాలు. ఇంకో నియమం మరీ ఆసక్తికరం. ఈ సలహా ఇవ్వాళ రాజకీయంగా సాధ్యమా కాదా అని రచయిత ఆలోచించనక్కర్లేదు. సరైనది అనిపిస్తే, ఆధారాలతో రాయాలి. అంతే.

రిజల్ట్ వచ్చింది 24 ఏళ్లకు

ఐఈఏ తొలి పుస్తకం 1955లో వచ్చింది. రాసింది జార్జ్ విండర్. పౌండ్‌ను స్వేచ్ఛగా ఇతర కరెన్సీల్లోకి మార్చుకోనివ్వాలన్నది విషయం. అప్పట్లో బ్రిటన్ పౌరుడు విదేశాలకు డబ్బు తీసుకెళ్లాలంటే సవాలక్ష ఆంక్షలు. 1958లో కొంత సడలింపు వచ్చింది, అదీ ప్రధానంగా విదేశీయుల చేతిలోని పౌండ్లకే. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం వచ్చాక, 1979 అక్టోబరులో ఆంక్షలన్నీ ఎత్తేశారు. అంటే పుస్తకం వచ్చిన 24 ఏళ్లకు!

అన్నీ అంత ఆలస్యం కాలేదు. వస్తువును దుకాణదారు ఎంతకు అమ్మాలో తయారీదారే శాసించే పద్ధతిని ప్రశ్నిస్తూ 1960లో బేసిల్ యామీ రాసిన చిన్న పుస్తకాన్ని ఐఈఏ వేసింది. ఆ పద్ధతికి ముకుతాడు వేస్తూ 1964లోనే చట్టం వచ్చింది. ఒక్క పుస్తకం వల్లే చట్టం మారిందని ఎవరూ అనరు. కానీ మార్చాలనుకున్న రోజున మంత్రి చేతికి అందేలా వాదన సిద్ధంగా ఉండాలి. థింక్ ట్యాంక్ చేసే పని అదే.

మళ్లీ సున్నా నుంచి

కోళ్ల కంపెనీ అమ్మిన డబ్బును ఫిషర్ కేమన్ దీవుల్లో సముద్రపు తాబేళ్ల పెంపకంలో పెట్టారు. పర్యావరణవేత్తల వ్యతిరేకత మధ్య 1970లలో ఆ వ్యాపారం మునిగింది. సంపదలో చాలా భాగం పోయింది. అరవై ఏళ్ల వయసులో చేతిలో మిగిలింది అనుభవమే. దాంతోనే కెనడాలో ఫ్రేజర్ ఇన్‌స్టిట్యూట్‌కు, న్యూయార్క్‌లో మన్‌హటన్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి రోజుల్లో దారి చూపారు. ఇలాంటి సంస్థలు పెట్టాలనుకునేవాళ్లకు సాయం చేయడానికి 1981లో అట్లాస్ ఫౌండేషన్ స్థాపించారు. 1997లో మొదలైన ఢిల్లీలోని సెంటర్ ఫర్ సివిల్ సొసైటీ కూడా ఆ నెట్‌వర్క్‌తో కలిసి పనిచేసిందే. 1988లో బ్రిటన్ ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. కొన్ని వారాలకే, ఆ జులైలో, శాన్ ఫ్రాన్సిస్కోలో కన్నుమూశారు.

నాణేనికి రెండో వైపు

ఫిషర్ సంస్థల మార్కెట్ అనుకూల వాదనలకు అభిమానులు ఎంతమందో, విమర్శకులూ అంతమంది. థాచర్ హయాంలో ద్రవ్యోల్బణం తగ్గింది. అదే సమయంలో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. గనులు, ఫ్యాక్టరీలు మూతపడ్డ ఊళ్లు చాలాకాలం కోలుకోలేదు. పైగా ఐఈఏ తన దాతలందరి పేర్లు చెప్పదన్న విమర్శ ఇప్పటికీ ఉంది. డబ్బు ఎవరిదో తెలియనప్పుడు పరిశోధన ఎంత నిష్పక్షపాతమో జనం తేల్చుకోలేరు కదా.

ఈ రంగంలోకి వెళ్లాలనుకుంటే...

- డిగ్రీ ఏదైనా పర్లేదు. డేటా చదవడం, లెక్క తప్పకుండా వేయడం, నాలుగు పేజీల్లో స్పష్టంగా రాయడం రావాలి. బీటెక్ వాళ్లకు మొదటి రెండూ అలవాటే, మూడోదాని మీద కూర్చోవాలి.
- బడ్జెట్ పత్రాలు, కాగ్ నివేదికలు, బిల్లుల పాఠాలు నెట్‌లో ఉచితం. ఒక్క అంశం తీసుకుని సొంతంగా ఓ చిన్న నోట్ రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా అదే ఎక్కువ మాట్లాడుతుంది.
- ఎంపీల దగ్గర పనిచేసే అవకాశమిచ్చే పీఆర్ఎస్ సంస్థ ల్యాంప్ ఫెలోషిప్ లాంటివి మంచి మొదటి మెట్టు.
- ఆఫర్ లెటర్ చేతికొస్తే జీతంతో పాటు ఇంకోటి కూడా అడగండి. ఈ సంస్థకు డబ్బు ఎవరిస్తున్నారు? పరిశోధనలో వాళ్లకు నచ్చని ఫలితం వస్తే అచ్చు వేస్తారా? కుడి అయినా ఎడమ అయినా, ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే చోట చేరండి. మీ పేరుతో వచ్చే రిపోర్టు ఏదో ఒకరోజు ఎవరి ఉద్యోగాన్నో, ఎవరి ఊరినో మార్చేయొచ్చు.