గుంటూరు కన్యాస్త్రీ వైద్యురాలు డాక్టరు మేరీ గ్లౌరీ

పల్లెలనుండి హైదరాబాదు పోవు మనవారికి అమీరుపేట, పంజాగుట్ట అను పేరులు సుపరిచితములు. కోచింగు కేంద్రములలో చదువుకొను బిడ్డలను చూచుటకు కొందరు అమీరుపేటకు పోవుదురు. రోగులను వెంటబెట్టుకొని నిమ్సు ఆసుపత్రికై మరికొందరు పంజాగుట్టకు పోవుదురు. ఈ రెండు పేటలకు చేరువనే, బేగంపేటలో, సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల కలదు. 1959లో దానిని స్థాపించినవారు సిస్టర్స్ ఆఫ్ ఛారిటీ సభకు చెందిన కాథలిక్ కన్యాస్త్రీలు. యేసు మరియ జోజప్ప సభ యను మరియొక కాథలిక్ సభయందు చేరి, గుంటూరు పట్టణమున తన జీవితమును ధారవోసిన వైద్యురాలు డాక్టరు మేరీ గ్లౌరీ. ఆమె నాటిన విత్తనము ఎంతటి వృక్షమైనదో 2020లో కరోనా మహమ్మారి వచ్చినపుడు దేశమునకు తెలిసివచ్చినది. ఆ పుణ్యాత్మురాలి చరిత్రమును ఈ రజతోత్సవ సంచికయందు స్మరించుట ఉచితము.

మేరీ గ్లౌరీ 1887వ సంవత్సరము జూను 23వ తేదీన ఆస్ట్రేలియా ఖండమందలి విక్టోరియా రాష్ట్రమున, బిర్రెగుర్రా అను చిన్న గ్రామమున జన్మించెను. తొమ్మండుగురు సంతానము గల కుటుంబమది. మతగురువుల కొరకును వైద్యుల కొరకును నిత్యము ప్రార్థింపవలెనని తల్లి బిడ్డలకు నేర్పెడిది. మేరీ చిన్ననాటనే విద్యార్థివేతనము సంపాదించి మెల్బోర్న్ నగరమునకు పోయి చదువుకొనెను. విశ్వవిద్యాలయమున మొదట సాహిత్యశాస్త్రములలో చేరి, పిదప తండ్రి ప్రోత్సాహమున వైద్యశాస్త్రమునకు మారెను. 1910లో వైద్యపట్టము పొందెను. స్త్రీలు వైద్యవృత్తిలో ప్రవేశించుట నాటికి ఇంకను వింతగానే ఉండెడిది. అయినను ఆమె న్యూజీలండులో కొంతకాలము పనిచేసి వచ్చి, మెల్బోర్న్ నగరమున పేరుపొందిన వైద్యశాలలలో కొలువు చేయుచు, స్వంత వైద్యాలయము కూడ పెట్టుకొనెను. కీర్తియు ధనమును ఆమెను వెదకికొని వచ్చు దినములవి.

1915లో ఒక చిన్న పుస్తకము ఆమె చేతికి వచ్చెను. అది ఆగ్నెస్ మెక్లారెన్ అను స్కాట్లండు వైద్యురాలి జీవితమును గూర్చినది. ఆ కాలమున మన దేశమున ఘోషాలోని స్త్రీలు పురుషవైద్యుని ఎదుట పడుటకు అంగీకరింపక, స్త్రీవైద్యులు లేక, పురిటిమంచముల మీదనే ప్రాణములు విడుచుచుండిరి. ఈ దుఃస్థితిని కన్నులార చూచిన మెక్లారెన్, రావల్పిండిలో స్త్రీల వైద్యశాల నెలకొల్పుటకు పాటుపడి, కన్యాస్త్రీలు వైద్యులగుటకు అనుమతి నిమ్మని రోము నగరమున మతాధికారులకు విన్నపములు చేసి, కోరిక తీరకయే 1913లో మరణించెను. ఆ పొత్తమును చదివి ముగించునప్పటికి మేరీ మనస్సు నిశ్చితమైపోయెను. తాను పోవలసినది భారతదేశమే యని ఆమె గ్రహించెను.

వెంటనే బయలుదేరుటకు యుద్ధకాలము అడ్డువచ్చెను. ఆ నిరీక్షణకాలమును ఆమె వృథా చేయలేదు. 1916లో మెల్బోర్న్ నగరమున కాథలిక్ స్త్రీల సాంఘిక సేవాసంఘము ఏర్పడగా దానికి ప్రథమాధ్యక్షురాలయ్యెను. స్త్రీలు సాంఘిక సమస్యలను స్వయముగా అధ్యయనము చేసి, వానిపై బహిరంగముగా మాటాడవలెననునది ఆ సంఘపు ఆశయము. ఒకరు చేయు సేవ గొప్పదైనను, నలుగురు కలిసి పలికిన పలుకునకు బలమెక్కువ యను సత్యమును ఆమె అచ్చటనే నేర్చుకొనెను. ఇంతలో 1918–19 సంవత్సరములలో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ప్రపంచమును చుట్టుముట్టెను. ఒక్క భారతదేశముననే అది కోటిమందికి పైగా బలిగొనెనని చరిత్రకారుల అంచనా. 1919లో ప్రసూతి, స్త్రీరోగ, నేత్రవైద్యములలో ఉన్నతపట్టము సంపాదించిన మేరీ, 1920 జనవరిలో ఓడ యెక్కెను. అప్పటికామెకు ముప్పదిరెండేండ్లు. మరల స్వదేశమును ఆమె చూడలేదు.

1920 ఫిబ్రవరి 12వ తేదీన ఆమె గుంటూరు చేరెను. ఆ పట్టణమునకు స్త్రీవైద్యము క్రొత్త కాదు. 1883లోనే అమెరికా లూథరన్ మిషనునుండి వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు అక్కడ అమూల్యమైన సేవ చేయుచుండెను. కాని రోగులు అసంఖ్యాకులు, వైద్యులు పరిమితులు. మేరీ గ్లౌరీ యేసు మరియ జోజప్ప సభలో చేరి, తిరుహృదయ మరియ అను అర్థము గల నామమును స్వీకరించెను.

ఇచ్చట ఒక చిక్కు కలదు. 1917లో క్రోడీకరింపబడిన కాథలిక్ మతశాసనము ప్రకారము, పోపుగారి ప్రత్యేకానుమతి లేనిదే మఠవాసులు వైద్యవృత్తి చేయరాదు. అందును ప్రసూతివైద్యము కన్యాస్త్రీలకు తగదనునది అనాదిగా వచ్చిన భావము. ఆమె నేర్చిన విద్య అదియే, గుంటూరు స్త్రీలకు కావలసినదియు అదియే. వైద్యవృత్తి కొరకు సన్యాసమును వదలుకొనుటయో, సన్యాసము కొరకు వైద్యమును వదలుకొనుటయో తప్పదని లోకము తలచిన చోట, ఆమె రెండింటిని వదలలేదు. శాసనమును ధిక్కరింపనూ లేదు. పదిహేనవ బెనెడిక్ట్ పోపుగారి ప్రత్యేకానుమతితో వైద్యము చేసిన కన్యాస్త్రీగా చరిత్రలో నిలిచెను. 1936 ఫిబ్రవరిలో రోము నగరమునుండి వెలువడిన ఆజ్ఞాపత్రము, ప్రసూతివైద్యముతో సహా వైద్యవిద్యను కన్యాస్త్రీలకు సమ్మతించెను. మెక్లారెన్ విన్నపము ఆమె మరణించిన యిరువదిమూడేండ్లకు ఈ విధముగా ఫలించెను.

గుంటూరులో చిన్న మందులయిల్లుగా నున్నది ఆమె చేతిలో సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా ఎదిగెను. ఆమె తెలుగు నేర్చుకొనెను. పల్లెలకు పోయి రోగులను చూచెను. ఈ దేశపు మూలికల గుణములను తెలిసికొనెను. తానొక్కతె ఎందరికని మందిచ్చునని యోచించి, స్థానిక స్త్రీలకు మంత్రసానిపనియు, రోగులకు పరిచర్య చేయుటయు, మందులు కలుపుటయు నేర్పెను.

1943 జూలై 29వ తేదీన ఆమె పదునారుగురు కన్యాస్త్రీలతో కూడి కాథలిక్ వైద్యశాలల సంఘమును స్థాపించెను. దేశమందు చెదరియున్న కాథలిక్ ఆసుపత్రులు ఒండొంటికి తోడ్పడుట, పరిచారికల శిక్షణ మెరుగుపరచుట, ప్రాణరక్షణ విషయమున తమ ధర్మమునకు తగిన వైద్యనీతిని నిలుపుట, ప్రభుత్వము ఎదుట ఒకే గొంతుకతో మాటాడుట దాని ప్రయోజనములు. అదే సంవత్సరమున ప్రభుత్వము దేశారోగ్యమును పరిశీలించుటకు భోర్ కమిటీని నియమించెను. ఆరోగ్యమనునది ధర్మకార్యముగానే కాక రాజ్యవిధానముగా కూడ చర్చింపబడు కాలము వచ్చినది. కాథలిక్ వైద్యకళాశాల యొకటి ఏర్పడవలెననునది ఆమె చిరకాల వాంఛ. బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్యకళాశాల 1963లో వెలసెను. దానిని చూచు భాగ్యము ఆమెకు కలుగలేదు. క్యాన్సరు వ్యాధితో ఎంతో బాధనుభవించి, 1957 మే 5వ తేదీన బెంగుళూరులో ఆమె కన్నుమూసెను.

ఆమె స్థాపించిన సంఘమునకు సికిందరాబాదు కేంద్రమైనది. మూడువేలకు పైగా సంస్థలు అందులో సభ్యత్వము పొందినవి. 2020లో కరోనా వచ్చి, సందడికి పేరైన అమీరుపేట వీధులు సైతము నిర్మానుష్యములైన దినములలో, ఈ సంఘము ఇతర క్రైస్తవ వైద్యసంస్థలతో కలిసి వేయికి పైగా ఆసుపత్రులను, అరువదివేల పడకలను దేశసేవకు సమకూర్చగలమని ప్రభుత్వమునకు తెలియజేసెను. ఆపద వచ్చిన పిదప కూడగట్టుకొన్న బలము కాదది. డెబ్బదియేడేండ్ల క్రిందట ఒక వృద్ధురాలగుచున్న కన్యాస్త్రీ ముందుచూపుతో కట్టిన కట్టడము. 2013లో కాథలిక్ సంఘము ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించి గౌరవించెను.

పాఠకులారా! ఈ మహత్కార్యమునకు మూలము ఒక పలుచని పొత్తము. ఎవరో వ్రాసిరి, ఎవరో అచ్చువేసిరి. అది ఎక్కడో దూరదేశమున ఒక యువతి చేతికి చిక్కినది. దాని ఫలమును గుంటూరు మండలపు తల్లులు అనుభవించిరి. మన గ్రంథాలయపు బీరువాలలో ధూళి పట్టియున్న ఏ పుస్తకము, ఎవరి చేతికి, ఏనాడు చిక్కునో ఎవరు చెప్పగలరు?