ఏనుగుల శాల నుంచి వెండితెరకు

మోగ్లీ పేరు వినని పిల్లలు మన బడిలో ఉండరు. రడ్‌యార్డ్ కిప్లింగ్ ఆ కథలను సివనీ కొండల అడవుల్లో జరిగినట్లు రాశాడు. ఆ రోజుల్లో సివనీ, మన బిలాస్‌పూర్ రెండూ సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనే ఉండేవి. 1942లో వచ్చిన సినిమాలో ఆ మోగ్లీ వేషం వేసినవాడు మన దేశపు కుర్రవాడే. అతని పేరు సాబు.

సాబు 1924 జనవరి 27న మైసూరు సంస్థానంలోని కారాపురలో పుట్టాడు. తండ్రి మహారాజావారి ఏనుగులకు మావటి. చిన్నతనంలోనే తల్లిదండ్రులు ఇద్దరూ పోయారు. అప్పటినుంచి అతనికి ఏనుగుల శాలే ఇల్లయింది.

ఆ సమయంలో రాబర్ట్ ఫ్లాహెర్టీ అనే దర్శకుడి బృందం ఒక బ్రిటిష్ సినిమా తీయడానికి మైసూరు వచ్చింది. వారికి ఏనుగును భయం లేకుండా నడిపే బాలుడు కావాలి. సాబు దొరికాడు. అలా తయారైన 'ఎలిఫెంట్ బాయ్' 1937లో విడుదలైంది. పదమూడేళ్ళకే సాబు పేరు దేశదేశాలకు తెలిసింది. నిర్మాత అలెగ్జాండర్ కోర్డా అతణ్ణి ఇంగ్లండుకు తీసుకువెళ్ళాడు. అన్న కూడా వెంట వెళ్ళాడు. సాబు అక్కడ బడిలో చేరి ఇంగ్లీషు నేర్చుకున్నాడు.

1938లో వచ్చిన 'ది డ్రమ్' ఆంగ్లేయుల పాలనను పొగిడేలా ఉందని బొంబాయి, మద్రాసులలో ప్రజలు నిరసన తెలిపారు. కథ రాసింది పెద్దలు, తెరమీద కనిపించింది పిల్లవాడు! తరువాతి చిత్రం 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' ఇంగ్లండులో మొదలైంది. ఇంతలో యుద్ధం రావడంతో అమెరికాలో పూర్తయి, 1940లో విడుదలైంది.

సాబు అమెరికాలోనే స్థిరపడి 1944లో ఆ దేశ పౌరసత్వం తీసుకున్నాడు. వైమానిక దళంలో చేరి, బాంబర్ విమానంలో తుపాకీ పట్టి పసిఫిక్ ప్రాంతంలో పోరాడాడు. ధైర్యానికి గుర్తుగా పతకం అందుకున్నాడు.

యుద్ధం తరువాత 1947లో 'బ్లాక్ నార్సిసస్'లో మంచి పాత్ర దొరికింది. కానీ ఆపైన పెద్ద అవకాశాలు తగ్గిపోయాయి. అతను పెద్దవాడయ్యాడు, భర్త అయ్యాడు, ఇద్దరు పిల్లల తండ్రి అయ్యాడు. అయినా సినిమావాళ్ళు అతనిలో అడవి పిల్లవాణ్ణే వెతికారు. 1963 డిసెంబరు 2న గుండెపోటుతో సాబు కన్నుమూశాడు. అప్పటికి అతని వయసు 39 ఏళ్ళే.

మిత్రులారా, ఈసారి తెరమీద మోగ్లీని చూసినప్పుడు, ఆ పాత్ర వేసిన మావటి కొడుకునూ, ఆ తరువాత అతను బతికిన జీవితాన్నీ ఒక్కసారి గుర్తు చేసుకుందాం.