మూడోసారి పాసైన విద్యార్థి

స్వర్ణోత్సవ సంచికకు ఒక గొప్ప శాస్త్రవేత్త గురించి రాయమని సంఘం వారు అడిగారు. న్యూటన్, ఐన్‌స్టీన్ పేర్లు సూచించారు. నేను మాత్రం డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎంచుకున్నాను. మన బడిలో ఇరవై ఆరేళ్లు జీవశాస్త్రం చెప్పిన నేను ఆయనకు ఒక బాకీ పడ్డాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జబ్బుపడి పోయారు. తల్లి వెంకమ్మ గారు పట్టుబట్టి చదివించారు. రాజమండ్రిలో చదివినా మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో పాసయ్యారు.

మద్రాసు వైద్య కళాశాలలో చేరాక గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది శస్త్రచికిత్స ఆచార్యుడికి నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుజబ్బుతో కొద్ది రోజుల తేడాలోనే పోవడం ఆయన మనసులో గాయంగా మిగిలింది.

మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పారు. తర్వాత 1920ల మొదట్లో మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సొమ్ముతో బోస్టన్‌కు ఓడ ఎక్కారు. ఆస్పత్రిలో చిన్నచిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో వెలువడిన ఆ పద్ధతికి వారిద్దరి పేర్లే నిలిచాయి. తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు. మనం అడుగు తీసి అడుగు వేయాలన్నా కణాలు ఖర్చుపెట్టే శక్తి నాణెం అదే. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం రాలేదు.

1940లో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకు మారారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూ వ్యాధికి అదే మందయింది. బోదకాలు జబ్బుకు డీఈసీ మాత్ర వచ్చిందీ అక్కడి నుంచే. అక్కడే తయారైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తక్యాన్సర్ పిల్లలకు తొలిసారి కొంతకాలమైనా ఉపశమనం చూపించారు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు నిద్రలో కన్నుమూశారు. వయసు 53. ఓడ ఎక్కిన నాటి నుంచి తల్లిని గానీ, భార్య శేషగిరి గారిని గానీ మళ్లీ చూడనేలేదు.

ఇక నా బాకీ సంగతి. ఏటా నల్లబల్ల మీద ఏటీపీ అని రాశాను. బోదకాలు మాత్రలు పంచే రోజున పిల్లల చేత దగ్గరుండి మింగించాను. వాటి వెనక మెట్రిక్ రెండుసార్లు తప్పిన ఒక తెలుగు కుర్రాడు ఉన్నాడని ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పవలసిన రోజు ఒకటి వచ్చింది. పదో తరగతి రెండోసారి తప్పిన మా విద్యార్థిని వెంటబెట్టుకుని వాళ్ల నాన్న స్టాఫ్ రూముకు వచ్చారు. మళ్లీ కట్టించమంటారా అని అడిగారు. చదువు అబ్బదు, ఏదైనా పనిలో పెట్టమని నేనే చెప్పాను. ఆ పిల్లవాడు తల దించుకుని వెళ్లిపోవడం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. తర్వాత అతను ఏమయ్యాడో నేను కనుక్కోలేదు.

ఈ ఉత్సవానికి ఆహ్వానితుల జాబితాను పది పాసైన వారి రిజిస్టర్లు చూసి తయారు చేశారు. అందులో అతని పేరు లేదు. అతనిలా తప్పి ఆగిపోయిన వారెవరి పేర్లూ లేవు. సంఘం వారికి నా విన్నపం ఒక్కటే. అడ్మిషన్ రిజిస్టర్లు తెరిచి ఆ పేర్లు కూడా చేర్చండి. అతని ఊరు నాకు గుర్తుంది. ఆ ఆహ్వానపత్రం నాకివ్వండి, నేనే స్వయంగా తీసుకెళ్లి ఇస్తాను.