ఆల్బర్ట్ నమత్‌జీరా

ఆస్ట్రేలియా ఖండపు నడిభాగం ఎర్రమట్టి ఎడారి. అక్కడ ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి పడమరగా ఉన్న హెర్మన్స్‌బర్గ్ అనే లూథరన్ క్రైస్తవ మిషన్‌లో 1902 జూలై 28న ఎలియా అనే బాలుడు జన్మించాడు. తల్లిదండ్రులు అరండ తెగకు చెందిన ఆదివాసులు. 1905లో వారు క్రైస్తవం స్వీకరించగా బాలుని పేరు ఆల్బర్ట్‌గా మారింది. మిషన్ బడిలో చదివినా, పదమూడవ ఏట తెగ పెద్దలను ఆశ్రయించి తమ ఆచారాలను, కొండకోనలతో ముడివడిన పూర్వుల గాథలను అభ్యసించాడు. ఈ రెండవ విద్యయే ఆయన చిత్రకళకు మూలమని గ్రహించాలి.

యౌవనంలో ఒంటెలు తోలాడు. వడ్రంగం, కమ్మరం చేశాడు. 1934లో రెక్స్ బాటర్‌బీ అనే చిత్రకారుడు మిషన్‌లో తన నీటిరంగుల చిత్రాలను ప్రదర్శించినపుడు ఆల్బర్ట్ మనస్సు వాటిపై లగ్నమైంది. 1936లో బాటర్‌బీ మళ్ళీ రాగా, ఆయన యాత్రకు ఒంటెలను నడిపి, ప్రతిఫలంగా రంగులు కలిపే మెలకువలు నేర్చుకున్నాడు. ఆ శిష్యరికం సాగినది సుమారు రెండు మాసాలే! 1938లో మెల్‌బోర్న్‌లో జరిగిన తొలి ప్రదర్శనలో 41 చిత్రాలూ అమ్ముడయ్యాయి.

ఊదారంగు మక్డానెల్ పర్వతశ్రేణి, ఎర్రని బండలు, ముందుభాగాన మన నీలగిరి చెట్లను పోలిన తెల్లని మానుల వృక్షాలు ఆయనకు ప్రియమైన వస్తువులు. ఇవి పాశ్చాత్య శైలికి అనుకరణలని కొందరు విమర్శకులు తేలికగా చూశారు. ఈ విమర్శ సమంజసంగా తోచదు. కుంచె పట్టిన తీరు పరాయిదే కావచ్చు. చిత్రించిన నేల మాత్రం ఆయన పూర్వులది.

ఆ నేలపైనే ఆయనకు హక్కు లేకపోయింది. పశువుల మేతకై భూమిని కౌలుకు కోరితే ప్రభుత్వం నిరాకరించింది. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇల్లు కట్టుకొనబోతే, ఆదివాసి అన్న కారణంగా అనుమతి లభించలేదు. ఆదాయపు పన్ను మాత్రం తప్పలేదు! 1953లో రాణి పట్టాభిషేక పతకం అందుకొని, మరుసటి యేడు కాన్‌బెర్రాలో ఎలిజబెత్ రాణిని దర్శించిన చిత్రకారుడు, పట్టణం వెలుపల గుడిసెలో నివసించాడు.

1957లో ఆయనకు, భార్య రుబీనాకు పౌరహక్కులు లభించాయి, బంధువులకు లభించలేదు. ఉన్నది నలుగురితో పంచుకోవడం అరండల ధర్మం. పౌరుడు మద్యం కొనవచ్చును గాని, హక్కులు లేని ఆదివాసికి అందిస్తే చట్టరీత్యా నేరం. 1958లో ఆ నేరం మోపబడి ఆరు మాసాల శిక్ష పడింది. అప్పీలులో అది మూడు మాసాలకు తగ్గింది. పాపున్యా అనే ఆదివాసి స్థావరంలో రెండు మాసాలు నిర్బంధంలో గడిపి విడుదలైనా, మునుపటి ఉత్సాహం తిరిగి రాలేదు. 1959 ఆగస్టు 8న ఆలిస్ స్ప్రింగ్స్‌లో కన్నుమూశాడు.

ఆయన చిత్రాల ప్రచురణ హక్కులను 1983లో ప్రభుత్వ అధికారి ఒకరు 8,500 డాలర్లకు ఒక ప్రచురణ సంస్థకు విక్రయించాడు. కుటుంబీకులు యేండ్ల తరబడి పోరాడగా, 2017లో ఆ హక్కులు వారసుల ధర్మనిధికి తిరిగి చేరాయి.