రహీమ్ సాబ్

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ఆడి, పట్టభద్రులై, ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలుచుకొంది. 1951 ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోనే భారత జట్టుకు స్వర్ణపతకం లభించింది.

మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఘోరపరాజయం ఎదురైంది. యుగోస్లావియా పది గోల్స్ చేయగా, మనవారు చేసింది ఒక్కటే. మన ఆటగాళ్లలో పలువురు ఉత్త పాదాలతోనే ఆడారు. విద్యార్థులు శ్రద్ధగా చదువవలసిన ఘట్టం ఇదేనని నాకు తోస్తుంది. అటుపిమ్మట ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీమ్ మైదానంలో జట్టు అమరికనే మార్చివేశారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే భారత జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయనను ఊపిరితిత్తుల క్యాన్సర్ పీడిస్తున్నది. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 తేడాతో ఓటమి. ఫైనల్‌లో మళ్లీ ఆ జట్టే ఎదురుపడింది. తలకు గాయమైన రక్షణశ్రేణి ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీమ్ సాహసించి ముందు వరుసలో నిలిపారు. జర్నైల్ ఒక గోల్, పి.కె. బెనర్జీ ఒక గోల్ చేశారు. భారత్ 2–1తో గెలిచింది.

తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశారు.