ఊరెంచుకునే వీలులేని వైద్యుడు.. విజయనగరం కంటోన్మెంటులో కొలువు చేసిన రొనాల్డ్ రాస్

విజయనగరం: ఏటా ఆగస్టు 20 వచ్చిందంటే ప్రపంచ దోమల దినోత్సవం పేరిట ర్యాలీలు, ప్రతిజ్ఞలు జరుగుతుంటాయి. ఆనాడు తలచుకునే సర్ రొనాల్డ్ రాస్ పేరు చెప్పగానే అందరికీ స్ఫురించేది సికింద్రాబాదే. అంతకు పదేళ్లకు పైగా ముందే, 1880 దశకంలో, సైనిక వైద్యుడిగా ఆయన కొంతకాలం మన విజయనగరం కంటోన్మెంటులోనూ పనిచేశారన్న సంగతి ఈ ప్రాంతవాసుల్లో కొద్దిమందికే తెలుసు. ఆ దండు ఏనాడో వెళ్లిపోయింది. కంటోన్మెంటు అన్న పేరు మాత్రం పట్టణంలో ఒక పేటకు నిలిచిపోయింది.

వైద్యవిద్య ముగించుకున్న యువతీ యువకులకు ఎదురయ్యే తొలి ప్రశ్న ఎక్కడ స్థిరపడాలన్నదే. సొంత ఊరా, జిల్లా కేంద్రమా, విశాఖపట్నమా, హైదరాబాదా అన్న తర్జనభర్జన మన ఇళ్లలో కొత్తేమీ కాదు. రాస్ జీవితంలో ఈ ప్రశ్నకు పద్దెనిమిదేళ్లపాటు ఇతరులే సమాధానం చెప్పారు. చివరికి తానుగా చెప్పుకొన్న సమాధానం ఆయనకు తృప్తినివ్వలేదు.

ర్యాంకు చెప్పిన ఊరు

రాస్ 1857 మే 13న హిమాలయ సానువుల్లోని అల్మోరాలో జన్మించారు. మీరట్‌లో సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులే అయింది. తండ్రి భారత సైన్యంలో అధికారి, తర్వాత జనరల్ హోదా పొందారు. ఎనిమిదో ఏట చదువు నిమిత్తం బాలుణ్ని ఇంగ్లండుకు పంపారు. అతడికి కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం మీద మక్కువ. తండ్రికి మాత్రం కుమారుడు వైద్యుడై భారతదేశంలో కొలువు చేయాలన్న పట్టుదల. ఆ పట్టుదలే నెగ్గింది. 1875లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ వైద్య కళాశాలలో చేరారు. చదువు మీద శ్రద్ధ అంతంతమాత్రం. ఒక పరీక్ష తప్పి కొన్నాళ్లు ఓడ మీద వైద్యుడిగా కాలం గడిపారు.

1881లో ఇండియన్ మెడికల్ సర్వీసు పరీక్షలో నెగ్గిన 22 మందిలో రాస్ స్థానం 17. పై వరుసలో నిలిచిన వారికి అందరూ కోరుకునే బెంగాల్ దక్కింది. రాస్‌కు మిగిలింది మద్రాసు ప్రెసిడెన్సీ. నేటి కౌన్సెలింగులో వెనుక ర్యాంకు వారికి మిగిలిన సీటే దిక్కయినట్లుగా ఉంది ఈ వ్యవహారం. అయితే, బెంగాల్ దక్కి ఉంటే ఆయన మద్రాసు రెజిమెంట్ల వెంట తిరిగేవారు కారు. విజయనగరానికి గానీ, సికింద్రాబాదుకు గానీ వచ్చే అవకాశమే ఉండేది కాదు.

పటాలం ఎటు కదిలితే వైద్యుడూ అటే కదలాలి. మద్రాసు, బెంగళూరు, విజయనగరం, బర్మాలోని మౌల్మేన్, అండమాన్ దీవులు.. ఇలా సాగింది ఆయన ప్రయాణం. విజయనగరంలో అది ఆనంద గజపతి మహారాజు ఏలుబడి. గురజాడ అప్పారావు ఇక్కడే మహారాజా కళాశాలలో చదువుకున్నదీ ఆ దశకంలోనే. తూర్పు కోస్తా రైలుమార్గం అప్పటికింకా పడలేదు. మద్రాసు నుంచి రావాలంటే సముద్రం మీద విశాఖపట్నం రేవుకో, భీమునిపట్నం రేవుకో చేరి అక్కడి నుంచి బండి కట్టించుకోవలసిందే. పటాలపు వైద్యుడికి రోజుకు కొద్ది గంటలకు మించి పని ఉండేది కాదు. మిగిలిన పొద్దంతా రాస్ గణితంతోనూ, రచనా వ్యాసంగంతోనూ వెళ్లబుచ్చేవారు. ఆయన రాసిన ఒక నవల 1889లో అచ్చయింది కూడా. పట్టణాల్లో సివిల్ సర్జన్లుగా కుదురుకున్న తోటివారు ప్రైవేటు ప్రాక్టీసుతో నాలుగు డబ్బులు వెనకేసుకుంటుంటే, ఆయనకు మూటాముల్లె సర్దుకోవడమే సరిపోయింది.

బెంగళూరు తొట్టి

మలేరియా కథకు తొలి అంకురం 1883లో బెంగళూరులో పడింది. రాస్ బసచేసిన బంగళాలో దోమల బెడద విపరీతం. వెతికి చూస్తే కిటికీ కింది నీళ్ల తొట్టిలో దోమపిల్లలు గిలగిల్లాడుతున్నాయి. తొట్టి బోర్లించగానే దోమలు తగ్గుముఖం పట్టాయి. మిగతా తొట్లు కూడా ఖాళీ చేయిద్దామని సైనికాధికారిని కోరితే, ప్రకృతి ఏర్పాటులో జోక్యం తగదంటూ ఆయన తోసిపుచ్చారు. శుక్రవారం డ్రైడే పాటించాలని గడపగడపకూ తిరిగే మన ఆశా కార్యకర్తలకు నేటికీ ఇటువంటి జవాబులు వినిపిస్తూనే ఉంటాయి.

1888లో సెలవుపై ఇంగ్లండు వెళ్లి ప్రజారోగ్యంలో డిప్లొమా, సూక్ష్మజీవశాస్త్రంలో శిక్షణ పొందారు. మరుసటి ఏడాది రోసా బ్లాక్సమ్‌ను వివాహమాడారు. 1894లో మరోసారి సెలవుపై వెళ్లినప్పుడు లండన్‌లో పాట్రిక్ మాన్సన్‌తో పరిచయం కలిగింది. రాస్ బతుకును మలుపు తిప్పిన పరిచయమది. బోదకాలు వ్యాధికి కారణమైన ఫైలేరియా పురుగు దోమ కడుపులో ఎదుగుతుందని 1877లోనే చైనాలోని అమోయ్ రేవులో కనుగొన్న వైద్యుడాయన. మలేరియా పరాన్నజీవిని ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లో అల్జీరియాలో గుర్తించినా, రాస్‌కు అప్పటిదాకా దానిపై నమ్మకం కుదరలేదు. మాన్సన్ సూక్ష్మదర్శినిలో చూపించాకే నమ్మారు. దోమకూ మలేరియాకూ సంబంధం ఉండవచ్చన్న ఊహ మాన్సన్‌ది. దాన్ని రుజువు చేసే బాధ్యత రాస్ తలకెత్తుకున్నారు.

బేగంపేటలో పది రోజులు

1895లో సికింద్రాబాదుకు చేరి దోమలను కోయడం మొదలుపెట్టారు. పని ఒక కొలిక్కి రాకముందే కలరా అదుపు కోసం బెంగళూరుకు తరలించారు. రెండేళ్లు అలా గడిచాయి. 1897లో నీలగిరుల్లోని సిగూరు కనుమకు వెళ్లి తానే మలేరియా బారిన పడ్డారు. ఆ వేసవి చివర తిరిగి సికింద్రాబాదు.

ఆగస్టు మాసం, ఉక్కపోత. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఆ గాలికీ నోచుకోలేదు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. అద్దం పగిలింది. వందలాది దోమలను కోసినా ఫలితం లేదు. ఎంచుకున్న దోమజాతే తప్పు కావడం అందుకు కారణం. చివరకు రెక్కలపై మచ్చలున్న గోధుమవన్నె దోమలు చిక్కాయి. ఇవే అనాఫిలిస్ జాతి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటిచేత కుట్టించారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున అతడికి ముట్టజెప్పారు. ఆగస్టు 20న ఆ దోమలలో ఒకదాని కడుపుగోడపై నల్లని రేణువులతో గుండ్రని కణాలు కనిపించాయి. మరునాడు కోసిన దోమలో అవే మరికొంత పెరిగి ఉన్నాయి. రాస్ వెతికిన పరాన్నజీవి అదే. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ సంగతిని ప్రకటించింది. హుసేన్ ఖాన్ తర్వాత ఏమయ్యాడో పుస్తకాలు పట్టించుకోలేదు. అణాల లెక్క మాత్రం భద్రంగా ఉంది.

ఇక నెలలు గడిస్తే మొత్తం గుట్టు విప్పవచ్చనుకుంటున్న వేళ బదిలీ ఉత్తర్వు వచ్చింది. రాజపుటానాలోని ఖేర్వాడాకు వెళ్లమన్నారు. అక్కడ మలేరియా రోగులే కరవు. ఊరు ఎంచుకునే హక్కు లేని వైద్యుడికి ఇంతకు మించిన శిక్ష ఉండదు. మాన్సన్ లండన్‌లో పైవారిని కదిలించగా, 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో పరిశోధనకు అనుమతి లభించింది. అక్కడ ప్లేగు భయం. సూది పట్టుకున్న దొరను చూస్తే జనం పారిపోయేవారు. దాంతో రాస్ పక్షుల మలేరియాపై దృష్టి సారించారు. మొహమ్మద్ బక్స్ అనే సహాయకుడు రేయింబవళ్లు తోడు నిలిచాడు. జులైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథికి చేరడం, దోమకాటుతో ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకకు సోకడం తేలిపోయింది. మనుషుల విషయంలో ఈ చక్రాన్ని అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం పూర్తిచేసింది. కీర్తి ఎవరికి చెందాలన్న వాదు రాస్, గ్రాసీల మధ్య జీవితాంతం రగిలింది. ఆ తగవులో ఇరువురూ హుందాతనం పాటించలేదనే చెప్పాలి.

తానుగా ఎంచుకున్న నగరం

1899లో రాస్ కొలువు విడిచి ఇంగ్లండు చేరారు. వయసు నలభై రెండుకు దగ్గర, పిల్లలు ఎదుగుతున్నారు. అప్పుడే నెలకొన్న లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య విద్యాలయంలో ఏడాదికి 250 పౌండ్ల జీతంపై ఉపన్యాసకుడయ్యారు. ఆఫ్రికాకు ఓడలు నడిచే రేవు పట్టణం గనుక జ్వరపీడితులు దిగుతారు, పరిశోధనకు లోటుండదు. ఆ ఏడాదే సియెర్రా లియోన్ వెళ్లారు. తర్వాత సూయజ్ కాలువ ఒడ్డున ఇస్మాయిలియాలో, మారిషస్‌లో దోమల నిర్మూలనకు మార్గం చూపారు. 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ వరించింది. బ్రిటన్‌కు అది తొలి నోబెల్. 1911లో సర్ బిరుదు లభించింది.

ఇంత పేరు వచ్చినా ఇంటి ఖర్చుల బెంగ తీరలేదు. ఉష్ణమండల జబ్బులతో తిరిగివచ్చే అధికారులు, వర్తకులు చికిత్సకు లండన్‌కే వెళ్లేవారు. అక్కడ మాన్సన్ ప్రాక్టీసు వర్ధిల్లుతుండగా లివర్‌పూల్‌లో రాస్ తలుపు తట్టినవారు తక్కువ. పరిశోధనకు పనికొచ్చిన నగరం వైద్యవృత్తికి అక్కరకు రాలేదు. 1912లో, యాభై అయిదేళ్ల వయసులో, ఆయన లండన్‌కు మకాం మార్చి కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో ఉష్ణమండల వ్యాధుల వైద్యుడయ్యారు. అప్పటికి ఆలస్యమైపోయింది. మశూచి టీకా కనుగొన్న జెన్నర్‌ను పార్లమెంటు ధనంతో సత్కరించినట్లు తననూ ఆదుకోవాలని అర్జీ పెట్టుకుంటే ఫలితం దక్కలేదు.

మన ప్రాంతానికి ఈ కథతో సంబంధం కంటోన్మెంటుతోనే ముగిసిపోదు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సాలూరు, పాచిపెంట మండలాల గిరిజన గూడేల్లో చలిజ్వరం తరతరాల శత్రువు. కొండవాగుల అంచున నెమ్మదిగా పారే నీటిలో పెరిగే దోమలే అందుకు మూలం. మాన్సన్ తేల్చిన బోదకాలు శ్రీకాకుళం తీరగ్రామాలకు సుపరిచితమే, డీఈసీ మాత్రల పంపిణీ తెలియని ఇల్లుండదు. వ్యాధి ఇక్కడ ఉంది, వైద్యులు మాత్రం కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉన్న విశాఖలోనే ఎక్కువ. శ్రీకాకుళంలో రిమ్స్ 2008లో మొదలైంది. విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరు 15న ప్రారంభమైంది. ఇక్కడ చదివినవారిలో ఎందరు కొండ ఎక్కుతారన్నది చూడాలి. ఏజెన్సీ పోస్టింగు వచ్చిందంటే సిఫార్సు లేఖల కోసం పరుగులు పెట్టడం విలేకరులకు తెలియని విషయం కాదు. అలాగని వారినొక్కరినే తప్పుపట్టలేం. క్వార్టర్సు, రోడ్డు, పిల్లలకు బడి లేని చోట సంసారం ఎలా సాగుతుందన్న ప్రశ్న రాస్‌నూ వెంటాడింది.

1926లో లండన్ శివారులోని పుట్నీలో ఆయన పేరిట పరిశోధనాలయం, ఆసుపత్రి వెలిశాయి. 1927 జనవరిలో కలకత్తా ఆసుపత్రి వద్ద తన స్మారక ద్వారం ఆవిష్కరణకు ఆయనే హాజరయ్యారు. మరుసటి ఏడాది తన లేఖలు, నోటుపుస్తకాలు అమ్మకానికి పెట్టవలసి వచ్చింది. లేడీ హ్యూస్టన్ 2,000 పౌండ్లకు వాటిని కొన్నారు. 1931లో భార్య మరణించారు. 1932 సెప్టెంబరు 16న తన పేరున్న ఆ పుట్నీ ఆసుపత్రిలోనే రాస్ కన్నుమూశారు. సమీపంలోని పుట్నీ వేల్ శ్మశానవాటికలో ఆమె పక్కనే ఆయనను ఖననం చేశారు.