టామస్ క్లార్క్‌సన్ (1760–1846)

బానిస వ్యాపారమును మాన్పించిన మహనీయుడెవరని మన తరగతులలో నడిగినచో విద్యార్థులు విల్బర్‌ఫోర్సు దొర పేరు చెప్పుదురు. అది సరియైన యుత్తరమే. పార్లమెంటులో ఆ తీర్మానమును ఇరువది సంవత్సరములు విడువక మోసినవాడు ఆయనయే. కాని సభలో నొక్కడు మాటలాడినంత మాత్రమున సభ్యుల మనసులు మారలేదు. వెలుపల లక్షలకొలది జనులు తలుపు తట్టవలసి వచ్చెను. ఆ జనులను ఊరూర తిరిగి మేలుకొలిపిన మనుష్యుని గూర్చి యీ సంచికలో వ్రాయుచున్నాము.

క్లార్క్‌సన్ 1760 మార్చి 28వ తేదీన ఇంగ్లాండు దేశపు తూర్పు భాగమున విస్‌బీచ్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి మతగురువు, ఆ యూరి పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు కూడను. బాలునకు ఆరేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. తరువాత లండనులోను కేంబ్రిడ్జిలోను చదువుకొని, తండ్రివలెనే దైవసేవకు సిద్ధపడుచుండెను.

1785లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు లాటిను వ్యాసమునకు బహుమానము ప్రకటించిరి. మనుష్యులను వారి యిష్టమునకు విరోధముగా బానిసలను జేయుట న్యాయమా యనునది విషయము. క్లార్క్‌సనుకు ఆ విషయముపై ముందేమియు శ్రద్ధ లేదు. కీర్తి కొరకే కలము పట్టెను. మన విద్యార్థులలో ననేకులు వ్యాసపు పోటీలలో బాల్గొనునది గూడ ఇందుకే గదా! అయితే గ్రంథములు చదివినకొలదియు, ఆఫ్రికాకు పోయి వచ్చినవారిని విచారించినకొలదియు, ఆయనకు రాత్రులు నిద్ర పట్టలేదు. బహుమానము దొరకెను. దానిని చదివి వినిపించి లండనునకు గుఱ్ఱముపై పోవుచు, వేడ్స్‌మిల్ అను గ్రామము దగ్గర దిగి దారిప్రక్కను గూర్చుండెను. తాను వ్రాసినది నిజమైనచో దీనినెవరో యొకరు తుదముట్టింపవలెను గదా యను తలంపు ఆయన కచ్చటనే కలిగెను. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరములు.

ఆ వ్యాపార మెంతటిదో మన బాలురకు దెలియవలెను. బ్రిటిషు ఓడలు మొత్తముమీద ముప్పది లక్షలకు పైగా ఆఫ్రికనులను సముద్రము దాటించినవి. బ్రిస్టలు, లివర్‌పూలు పట్టణముల మేడలు ఆ ధనముతోనే లేచినవి. పంచదార, పొగాకు, ప్రత్తి యన్నియు దానిపై నాధారపడినవే. ఓడల యజమానులు, తోటల యజమానులు పార్లమెంటులో స్వయముగా గూర్చుండెడివారు. సామాన్య జనులలో పెక్కుమందికి వోటు లేదు, స్త్రీల కసలే లేదు. ఇట్టి దేశములో నొక యువకుడు ఏమి చేయగలడు?

1787 మే 22వ తేదీన లండనులో నొక అచ్చాఫీసునందు పండ్రెండుగురు కూడి ఒక సంఘము స్థాపించిరి. వారిలో తొమ్మండుగురు క్వేకరులు. ఆ కాలమున క్వేకరులు పార్లమెంటు సభ్యులగుటకు వీలు లేకుండెను. కావున సభలో మాటలాడుటకు విల్బర్‌ఫోర్సును, సాక్ష్యము సమకూర్చి దేశమును కదలించుటకు క్లార్క్‌సనును నియమించుకొనిరి.

క్లార్క్‌సను పని యావేశముతో గాక లెక్కలతో నారంభించెను. దీనిని మేము ముఖ్యముగా జెప్పగోరుచున్నాము. బానిస వ్యాపారము ఇంగ్లీషు నావికులకు మంచి శిక్షణాలయమని దాని పక్షమువారు చెప్పుచుండిరి. ఆయన బ్రిస్టలుకు, లివర్‌పూలుకు పోయి ఓడల పట్టీలు తిరుగవేసెను. ఇరువదివేలమంది నావికుల సంగతులు సేకరించి, ఆ యోడలలో నావికులే యెంతమంది చనిపోవుచుండిరో చూపెను. బ్రిస్టలులో నొక మద్యశాల యజమానుని తోడు తీసికొని, అర్ధరాత్రి మొదలు తెల్లవారుజాము వరకు, నావికులను త్రాగించి మోసపుచ్చి యోడలకెక్కించు స్థలములన్నియు జూచెను. మతగురువు కాదలచిన యువకునకు అవి తగిన చోట్లు కావు. కాని సత్యము అక్కడ నున్నప్పుడు అక్కడికే పోవలసి వచ్చెను.

లివర్‌పూలులో నొక అంగడిలో చేతిసంకెళ్లు, కాలిసంకెళ్లు, బొటనవ్రేళ్లు నొక్కు మరలు, అన్నము ముట్టని బానిసల నోరు బలవంతముగా తెఱచు పనిముట్టు అమ్మకమునకు పెట్టియుండగా కొనెను. ఆ పట్టణముననే రేవుకట్టపై నొకనాడు ఎనిమిది తొమ్మిదిమంది ఆయనను చుట్టుముట్టి సముద్రములో త్రోయ యత్నించిరి. ఆయన ఆజానుబాహువు, బలిష్ఠుడు. వారిని నెట్టుకొని బయటపడెను.

ఆయన యెక్కడకు పోయినను ఒక పెట్టె వెంట గొనిపోవుచుండెను. అందులో సంకెళ్లు మాత్రమే యుండినచో మేమంతగా నాశ్చర్యపడము. ఆఫ్రికనులు నేసిన బట్టలు, తోలు పనులు, దంతము, మిరియాలు, నీలిమందు, సొగసైన కలప ముక్కలు కూడ నుండినవి. ఇట్టి వస్తువులు చేయగల జనులతో మనుష్యులవలె వర్తకము చేయవచ్చును గదా యని చూచువారికి తోచునట్లు వానిని పరచి చూపుచుండెను. పాఠము చెప్పుటకు ముందు వస్తువు చూపుమని మాకు ట్రెయినింగు కళాశాలలో నేర్పిరి. ఆ పద్ధతి నాయన ఎవరును నేర్పకుండగనే యెఱిగెను.

అట్లే బ్రూక్స్ అను నోడ పటము. చట్టము ప్రకార మందులో 454 మందిని ఎక్కింపవచ్చును. పూర్వమొక ప్రయాణమున 609 మందిని ఎక్కించిరి. ప్లిమత్తు సంఘమువారు మొదట వేసిన పటమును లండను సంఘమువారు 1789లో విస్తరించి అచ్చొత్తిరి. పటములోని మనుష్యులు ఒకరి ప్రక్క నొకరు, పెట్టెలో పేర్చిన చేపలవలె, కదలుటకు చోటు లేకుండ పరుండియుందురు. చదువు రానివారికి గూడ ఆ పటము అర్థమయ్యెను. దానిని గోడలకు తగిలించుకొన్న ఇండ్లు లెక్కకు మిక్కిలి.

1787 అక్టోబరులో ఆయన మాంచెస్టరు దేవాలయమున ప్రసంగించెను. కూర్చుండ చోటు లేక జనులు నిలువబడిరి; ప్రసంగ వేదిక చుట్టును నలుబది యేబదిమంది నల్లవారు నిలిచియుండిరి. ఆ యూరినుండియే పదివేలకు పైగా చేవ్రాళ్లతో ఒక మహజరు పార్లమెంటునకు పోయెను. ఏడేండ్లలో ఆయన గుఱ్ఱముపై ముప్పదియైదువేల మైళ్లు తిరిగెను. ఒక సాక్షి కొరకైతే, పేరైనను దెలియని యొక నావికుని వెదకుచు రేవు రేవున ఓడ లెక్కి దిగుచు, మూడువందలకు పైగా ఓడలు చూచి తుదకు ప్లిమత్తులో నాతని పట్టుకొనెను. రాత్రివేళ పల్లెలపై బడి మనుష్యులను పట్టుకొని పోవుటను ఆ నావికుడు కన్నులార చూచినవాడు.

1791లో తీర్మానము 163 వోట్లకు 88 వోట్లతో నోడిపోయెను. సభలో నోడినవారు ప్రజలయొద్దకు మరలిరి. బానిసలు పండించిన పంచదార తినవలదని కరపత్రములు ఇల్లిల్లు తిరిగెను. మూడు లక్షలమంది పంచదార మానిరని క్లార్క్‌సను అంచనా వేసెను. ఈ వ్రతము గృహిణుల చేతిలోనిది. వోటు లేని స్త్రీలు, వంటింటిలో నిలువబడియే రాజ్యకార్యమున పాల్గొనిరి. పిల్లలు కూడ తేనీటిలో పంచదార వలదనిరి. 1792లో 519 మహజరులు, నాలుగు లక్షలకు దాపుగా చేవ్రాళ్లు పార్లమెంటు బల్లపైకి వచ్చెను. సభవారు క్రమక్రమముగా మానుదుమని తీర్మానించి, అంతటితో నూరకుండిరి. క్రమక్రమముగా నను మాటలో నెన్ని యోడలు సముద్రము దాటవచ్చునో లెక్కించినవారికి దెలియును.

ఈ ఉద్యమమంతయు దయగల తెల్లవారు చేసిన యుపకారమని మన పిల్లలు తలంపరాదు. ఉద్యమపు ముద్రికపై మోకాళ్లూని వేడుకొను బానిస రూపముండెను. నిజమునకు వారు మోకాళ్లపై నుండలేదు. ఓలౌడా ఈక్వియానో అను విముక్తుడు 1789లో తన చరిత్ర తానే వ్రాసి, దేశమంతయు తిరిగి అమ్మెను. 1791లో హెయిటీ దీవి బానిసలు తిరుగబడి, 1804 నాటికి స్వతంత్రులైరి. క్లార్క్‌సను హెయిటీ పాలకుడైన క్రిస్టఫుతో మిత్రభావమున నుత్తరములు నడిపెను.

1794 నాటికి ఆయన శరీరము చెడెను, చేతి ధనమయ్యెను. పదేండ్లు సరస్సుల ప్రాంతమున సేద్యము చేసికొనుచు, వివాహమాడి, నిశ్శబ్దముగా నుండెను. మరల 1804లో గుఱ్ఱమెక్కెను. 1807లో తీర్మానము 283 వోట్లకు 16 వోట్లతో నెగ్గి, మార్చి 25వ తేదీన శాసనమయ్యెను.

కాని మానినది వ్యాపారమే. బానిసత్వము అట్లే యుండెను. 1823లో క్రొత్త సంఘము ఏర్పడగా, అరువదిమూడేండ్ల వృద్ధుడు మరల పదివేల మైళ్లు ప్రయాణించి సంఘములు నిలిపెను. ఈమారు స్త్రీలు ముందునకు వచ్చిరి. 1824లో ఎలిజబెత్ హెయిరిక్ అను నామె, క్రమక్రమముగా కాదు, వెంటనే యని కరపత్రము వ్రాసి, పురుషుల సంఘములకంటె ముందడుగు వేసెను. 1833లో విమోచన శాసనము వచ్చెను. నష్టపరిహారముగా రెండు కోట్ల పౌనులు చెల్లించిరి. బానిసలకు గాదు, యజమానులకు! విముక్తులకు 1838 వరకు కూలిలేని చాకిరి తప్పలేదు. ఆ శాసనము ఈస్టిండియా కంపెనీ రాజ్యమునకు వర్తింపలేదు. మన దేశమునకు 1843 నాటి శాసనము వేరుగా వచ్చెను. బానిసలు పోయిన మారిషసు చెరకు తోటలకు మన కోరంగి రేవునుండి తెలుగు కూలీలు ఒడంబడికలపై నోడలెక్కిరి. వారి సంతతివారు నేటికిని అచ్చట నున్నారు.

1838లో విల్బర్‌ఫోర్సు కుమారులు తండ్రి చరిత్ర వ్రాయుచు క్లార్క్‌సను పాలును తగ్గించి చూపిరి. వృద్ధుని కది మిక్కిలి నొప్పి కలిగించెను. తరువాత వారు క్షమాపణ చెప్పుకొనిరి. 1840లో లండనున జరిగిన బానిసత్వ వ్యతిరేక మహాసభకు ఆయన ఎనుబదియవ యేట వచ్చి ప్రారంభోపన్యాస మిచ్చెను. ఆ సభలోనే అమెరికానుండి వచ్చిన స్త్రీ ప్రతినిధులను సభ్యులుగా చేర్చుకొనక గ్యాలరీలో గూర్చుండజేసిరి. పంచదార మానినవారు స్త్రీలు, మహజరులు త్రిప్పినవారు స్త్రీలు. వారికి సభలో కుర్చీ లేకపోయెను. ఇది మాకు మింగుడుపడని సంగతి.

1846 సెప్టెంబరు 26వ తేదీన సఫోకు జిల్లాలోని ప్లేఫర్డు గ్రామమున ఆయన మరణించెను. విల్బర్‌ఫోర్సును ఘనముగా సమాధి చేసిన వెస్ట్‌మినిస్టరు దేవాలయమున, క్లార్క్‌సను పేరు చెక్కిన ఫలకము 1996లోగాని వెలయలేదు. ఆయన పెట్టె విస్‌బీచ్ వస్తుప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. ఆఫ్రికా నేతగాండ్రు నేసిన బట్టలు అందులో నింకను ఉన్నవి.